జారుతూనే పట్టివ్వాల్సిన నూనె

కారులో ఇంజన్ మీద నిఘా ఎక్కువ. నూనెను తోడి పైకి పంపే పంపు, మురికిని పట్టే ఫిల్టర్, మట్టం చూసుకునే డిప్‌స్టిక్, ఒత్తిడి పడిపోతే వెలిగే ఎర్రదీపం, అన్నీ దానికే. ఆ ఇంజన్ పక్కనే బిగించి ఉండే మాన్యువల్ గేరు బాక్సుకు మామూలుగా వీటిలో ఒక్కటీ ఉండదు. సుమారు రెండు లీటర్ల ఆయిల్, అందులో కొంత మునిగి తిరిగే పళ్ల చక్రాలు, చాలా బళ్లలో అడుగున ఒక చిన్న అయస్కాంతం, అంతే. చక్రాలు తిరుగుతూ ఎగజిమ్మే నూనే పైనున్న షాఫ్టులకూ బేరింగులకూ అందాలి. అరిగిన లోహపు రజను బయటికి పోయే దారి లేదు. అది నూనెతో పాటే తిరుగుతుంటుంది.

అయినా ఈ నూనె ఇంజన్ ఆయిల్ కన్నా చాలా ఎక్కువ కాలం మన్నుతుంది. గేరు బాక్సులో మంట లేకపోవడమే కారణం. మసి, కాలని పెట్రోలు, దహనంలో పుట్టే ఆమ్లాలు దాని దరి చేరవు. అందుకే కంపెనీలు దీనికి పెట్టే గడువు ఎక్కువగా 40 వేల నుంచి 80 వేల కిలోమీటర్ల మధ్య ఉంటుంది. కొన్ని కంపెనీలైతే మార్చే ఊసే ఎత్తవు. ఎత్తనంత మాత్రాన ఆ నూనె చిరంజీవి కాదు.

ఓపిక, సరైన పనిముట్లు ఉన్నవారు దీన్ని ఇంటి దగ్గరే మార్చుకోవచ్చు. విప్పాల్సినవి రెండే బోల్టులు. కష్టమైన భాగం కారు కింద లేదు, ఆయిల్ దుకాణంలో ఉంది. ఏ బండికైనా ‘నైంటీ ఆయిల్’ అని ఒక్క మాటతో తెచ్చి పోసే అలవాటు షెడ్డుల్లో ఇంకా ఉంది. ఇప్పటి గేరు బాక్సు తన నూనెను రెండు విరుద్ధమైన పనులు అడుగుతుంది: ఒకచోట బాగా జారనివ్వాలి, ఇంకోచోట జారనివ్వకూడదు. ఆ రెండిటికీ కుదిరిన నూనె ఏదో తెలిస్తే మిగతాది పానా పని.

పంటికీ పంటికీ నడుమ

నూనె లోహాలను ఎలా విడదీస్తుందో 19వ శతాబ్దం చివరిదాకా ఎవరికీ సరిగా తెలియదు. 1883లో ఇంగ్లండ్‌లో బీచమ్ టవర్ అనే ఇంజినీరు రైలు ఇరుసుల బేరింగులను పరీక్షిస్తూ, నూనె పోద్దామని బేరింగు పైభాగంలో ఒక రంధ్రం చేశాడు. ఇరుసు తిరగగానే ఆ రంధ్రంలోంచి నూనె పైకి ఉబికింది. బిరడా పెడితే బిరడానే నెట్టేసింది. తిరిగే ఇరుసే నూనెను సందులోకి లాక్కుని, బరువును మోయగలిగేంత ఒత్తిడి పుట్టిస్తోందన్నమాట. 1886లో ఆస్బోర్న్ రెనాల్డ్స్ దానికి గణితం రాశాడు.

ఇరుసుకు సరిపోయిన ఆ లెక్క గేరు పళ్ల దగ్గర తేలలేదు. ఇరుసు బరువు బేరింగు మీద విశాలంగా పరుచుకుంటుంది. పంటికి పన్ను తగిలే చోటు మాత్రం సన్నని గీత. అక్కడి ఒత్తిడి వాతావరణ పీడనానికి పదివేల రెట్ల దాకా పోతుంది. పాత లెక్క ప్రకారం అక్కడ నూనె నిలవనే కూడదు. ఏళ్ల తరబడి తిరిగిన గేర్ల పళ్ల మీద తయారీనాటి గీతలు చెరగకుండా ఉన్నాయంటే, నిలుస్తోందనే కదా!

ఈ ముడి విడేసరికి 20వ శతాబ్దం సగం గడిచింది. 1940లలో సోవియట్ యూనియన్‌లో ఎర్టెల్, గ్రూబిన్, ఆపైన 1959లో ఇంగ్లండ్‌లో డౌసన్, హిగిన్సన్ ఇచ్చిన జవాబులో రెండు సంగతులున్నాయి. అంత ఒత్తిడికి ఉక్కు పన్ను కూడా రవ్వంత అణిగి చదునవుతుంది, ఒత్తిడి పోగానే మళ్లీ మామూలవుతుంది. అదే క్షణంలో నూనె చిక్కదనం ఎన్నో వేల రెట్లు పెరిగి, అది దాదాపు గట్టిపడుతుంది. సెకనులో వెయ్యో వంతు కూడా పట్టని ఆ కాస్త వ్యవధిలో బయటికి జారిపోవడం దాని తరం కాదు. పళ్లను విడదీసే ఆ పొర మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు కన్నా తక్కువ.

నూనె పాతబడితే దెబ్బతినేది ఈ పొరే. వేడికి మరీ పలచబడకుండా చాలా గేరు ఆయిళ్లలో పొడవాటి పాలిమర్ అణువులు కలుపుతారు. పళ్ల మధ్య నలిగి నలిగి అవి తెగిపోతాయి; తెగినవి మళ్లీ అతుక్కోవు. ఇంకోవైపు గాలిలోని ఆక్సిజన్ నూనెను నెమ్మదిగా జిగురుగా, ఆమ్లంగా మారుస్తుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఇలాంటి చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుందన్నది రసాయన శాస్త్రంలో అందరూ వాడే మోటు లెక్క. రామగుండం ఎండల్లో నిండా మనుషులతో, సామానుతో తిరిగే కారుకు గడువు కొంత తగ్గించుకోవడం అందుకే మంచిది.

ఆముదం, తిమింగలం, గంధకం

బండి కదిలే తొలి క్షణంలోనూ, మెల్లగా బరువు లాగేటప్పుడూ నూనె పొర ఏర్పడేంత వేగం ఉండదు. అప్పుడు లోహాన్ని కాపాడేది, లోహాన్ని అంటిపెట్టుకుని ఉండే పదార్థమే. ఎడ్లబండి ఇరుసుకు ఆముదం పట్టించిన రైతుకు ఈ గుణం అనుభవంలో తెలుసు. ఆముదంలో అధికభాగమైన రిసినోలిక్ ఆమ్లపు అణువులకు లోహాన్ని పట్టుకునే స్వభావం ఉంది. పైగా అది పెట్రోలులో అంత తేలిగ్గా కరగదు. మొదటి ప్రపంచ యుద్ధంలో రోటరీ ఇంజన్ల విమానాలు ఆముదంతోనే ఎగిరాయి.

అంటిపెట్టుకునే గుణం ఒక్కటే చాలని రోజు 1926లో వచ్చింది. ఆ ఏడాది అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ తన కార్ల వెనక ఇరుసులో హైపాయిడ్ గేర్లు పెట్టింది. వీటిలో చిన్న చక్రం పెద్దదాని నడిమధ్యకు కాకుండా కాస్త కిందికి జరిగి కలుస్తుంది. దాంతో ఇంజన్ నుంచి వెనక్కి వెళ్లే షాఫ్టు కిందికి దిగింది, కారు అడుగుభాగాన్నీ దించే వీలు కలిగింది. దానికి బదులుగా పళ్లు దొర్లడంతో పాటు ఒకదాని మీద ఒకటి విపరీతంగా రాసుకోవడం మొదలైంది. మామూలు నూనె అక్కడ తట్టుకోలేకపోయింది.

రసాయన శాస్త్రజ్ఞులు చూపిన మార్గం గంధకం, భాస్వరం. రాపిడికి పంటి మీద ఒక చోట బాగా వేడెక్కగానే నూనెలోని గంధకం అక్కడి ఇనుముతో కలిసి ఐరన్ సల్ఫైడ్ పొరగా మారుతుంది. ఉక్కు కన్నా మెత్తనైన ఆ పొర తాను చిరిగి పన్నును కాపాడుతుంది. చిరిగిన చోట మళ్లీ కొత్తది పుడుతుంది. గంధకం ఎక్కించిన స్పెర్మ్ తిమింగలం నూనె ఒకప్పుడు ఈ పనికి పేరుపడింది. 1970ల తొలినాళ్లలో అమెరికా ఆ తిమింగలాన్ని అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల్లో చేర్చి దాని నూనె వాడకాన్ని ఆపేశాక, ప్రయోగశాలల్లో తయారైన సమ్మేళనాలు ఆ చోటు తీసుకున్నాయి. గేరు ఆయిల్ డబ్బా మూత తీయగానే ముక్కుకు తగిలే ఘాటు ఈ గంధకపు సమ్మేళనాలదే.

మధ్యలో ఇత్తడి

ఉక్కుకు ఇంత మేలు చేసే గంధకానికి గేరు బాక్సులో ఇంకో లోహం ఎదురవుతుంది. ముందుకు వెళ్లే గేర్ల చక్రాలన్నీ ఎప్పుడూ జతలుగా కలిసే ఉంటాయి. ఒక్కో జతలో ఒక చక్రం షాఫ్టు మీద ఖాళీగా తిరుగుతుంటుంది. గేరు రాడ్డు కదిపినప్పుడు మనం చేసేది ఆ చక్రాన్ని షాఫ్టుతో బిగించడమే. రెండిటి వేగం ఒకటి కాకపోతే బిగింపు పడదు, కర్రుమంటుంది. పాత లారీ డ్రైవర్లు డబుల్ క్లచ్ కొట్టి, ఇంజన్ శబ్దాన్ని చెవితో పోల్చుకుని వేగం కలిపేవారు. 1928లో క్యాడిలాక్ కార్లలో వచ్చిన సింక్రోమెష్ ఆ నేర్పును ఒక రింగుకు అప్పగించింది. ఎర్ల్ థాంప్సన్ అనే అమెరికన్ ఇంజినీరు ఆలోచన అది. కదులుతున్న ఆర్టీసీ బస్సు ఎక్కేవాడు ముందు దాని వెంట పరుగెత్తి, వేగం కలిశాకే ఫుట్‌బోర్డు మీద కాలు పెడతాడు. సింక్రో రింగు పని కూడా అదే: ముందు వేగం కలుపుతుంది, తర్వాతే బిగింపు పడనిస్తుంది.

వేగం కలిపేది రాపిడి. రింగు లోపలివైపు శంకువు ఆకారంలో ఉండి, చక్రం మీది అదే ఆకారపు భాగాన్ని ఒరుసుకుంటుంది. ఆ రెప్పపాటులో నడుమనున్న నూనె తప్పుకోవాలి. అందుకే రింగు మీద సన్నని గాట్లు పెడతారు. నూనె మరీ చిక్కగా ఉంటే త్వరగా తప్పుకోదు. చలికాలం పొద్దున్నే సెకండ్ గేరు మొరాయించేది ఇందుకే. నూనెలోని రసాయనాలు మరీ జారుడు పొరను ఏర్పరిస్తే రింగుకు పట్టు దొరకదు. ఈ రింగులు చాలా కార్లలో ఇత్తడివి. ఇత్తడిలో రాగి ఉంది, చురుకైన గంధకానికి రాగి మీద మక్కువ. వేడిలో అది రాగిని కాపర్ సల్ఫైడుగా నల్లబరిచి, మెల్లగా కొరికేస్తుంది.

డబ్బా మీది జీఎల్-4, జీఎల్-5 అన్న గుర్తుల వెనక ఉన్నది ఈ తగాదాయే. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ పెట్టిన తరగతులివి. జీఎల్-5 హైపాయిడ్ ఇరుసుల కోసం పుట్టింది. అందులో గంధకం, భాస్వరం సమ్మేళనాలు జీఎల్-4లో కన్నా దాదాపు రెట్టింపు. అంకె పెద్దది కాబట్టి మేలైనదనుకుని, జీఎల్-4 అడిగిన గేరు బాక్సులో జీఎల్-5 పోస్తే పళ్లకు ఏమీ కాదు, ఇబ్బంది ఇత్తడి రింగులకు. ఈ కాలపు కొన్ని జీఎల్-5 నూనెల్లో రాగిని కాపాడే రసాయనాలు కలుపుతున్న మాట నిజమే. కొన్ని గేరు బాక్సులకు కంపెనీయే జీఎల్-5 చెబుతుంది కూడా. రాగికి హాని లేకపోయినా పట్టు సంగతి మిగిలే ఉంటుంది కాబట్టి, బండితో వచ్చిన పుస్తకంలో ఏముంటే అదే ఖాయం.

ఒక మినహాయింపు: చాలా కార్లలో రివర్స్ గేరుకు సింక్రో రింగు ఉండదు. రివర్స్ ఒక్కటే కర్రుమంటుంటే నూనెను అనుమానించకండి. క్లచ్ తొక్కి క్షణం ఆగి గేరు వేస్తే చాలు.

తొంభై అంటే ముప్ఫైకి మూడింతలు కాదు

చిక్కదనం అంకెలు ఇంకో తికమక. గేరు ఆయిల్ మీద 75డబ్ల్యూ-90 అని ఉంటుంది, ఇంజన్ ఆయిల్ మీద 5డబ్ల్యూ-30. చూడగానే మొదటిది మూడింతలు చిక్కన అనిపిస్తుంది. రెండూ సొసైటీ ఆఫ్ ఆటోమోటివ్ ఇంజినీర్స్ పెట్టిన అంకెలే, కొలబద్దలు మాత్రం వేరు. 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర గేరు ఆయిల్ 90 చిక్కదనం 13.5 నుంచి 18.5 సెంటీస్టోకుల మధ్య ఉంటుంది. ఇంజన్ ఆయిల్ 40 చిక్కదనం 12.5 నుంచి 16.3. అంటే ‘నైంటీ’ నిజానికి ఇంజన్ ఆయిళ్లలో 40, 50లకు ఇరుగుపొరుగు.

డబ్ల్యూ ముందున్న అంకె చలికి సంబంధించింది. 75డబ్ల్యూ నూనెను మైనస్ 40 డిగ్రీల దగ్గర, 80డబ్ల్యూను మైనస్ 26 దగ్గర పరీక్షిస్తారు. లంబసింగిలోనే పాదరసం సున్నా దగ్గర ఆగిపోయే మనకు ఈ తేడాతో ప్రాణాంతకమేమీ లేదు. అయితే కొత్త కార్ల సింక్రోలు పలచటి నూనెను లెక్కలో పెట్టుకుని చేసినవి. 75డబ్ల్యూ-80 అడిగిన దాంట్లో చిక్కటి 90 పోస్తే పొద్దుటిపూట గేర్లు బిగుసుకుంటాయి. కొన్ని బళ్ల కథే వేరు: హోండా తన మాన్యువల్ కార్లకు ఎంటీఎఫ్ పేరుతో సొంత నూనె చెబుతుంది. మన రోడ్ల మీది చాలా బైకుల్లో ఇంజన్‌కూ గేర్లకూ ఒకటే ఆయిల్. ఆటోమేటిక్, సీవీటీ కార్లకు ఈ వ్యాసం వర్తించదు. ఏఎంటీ కార్లలో గేరు బాక్సు మాన్యువల్‌దే అయినా, గేర్లు మార్చే హైడ్రాలిక్ యూనిట్ నూనె వేరు, దాన్ని ముట్టుకోకూడదు.

పని మొదలుపెట్టేముందు

ముందుగా నాలుగైదు కిలోమీటర్లు నడిపి రావాలి. 40 డిగ్రీల దగ్గరున్న చిక్కదనం 100 డిగ్రీలకు చేరేసరికి దాదాపు ఆరో వంతుకు పడిపోతుంది. గోరువెచ్చగా ఉన్న నూనె అడుగునున్న రజనును వెంటేసుకుని బయటికి వస్తుంది. చేయి కాలేంత వేడి మాత్రం వద్దు.

బండిని గచ్చు మీద చదునుగా నిలిపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, నేల మీదున్న చక్రాలకు అడ్డుకట్టలు పెట్టాలి. జాకీ బండిని లేపడానికే, మోయడానికి కాదు. లేపాక తప్పనిసరిగా స్టాండ్ల మీద కూర్చోబెట్టాలి. ఇటుకలూ సిమెంటు దిమ్మలూ చెప్పాపెట్టకుండా పగులుతాయి కాబట్టి వాటి మీద నిలిపిన బండి కింద తల పెట్టడం ప్రాణంతో చెలగాటం. సర్వీసు గుంతో ర్యాంపో దొరికితే అంతకన్నా మేలు లేదు.

ఇప్పుడు ఈ పనిలో తప్పకూడని నియమం: ముందు పైనున్న పోసే బోల్టు, తర్వాతే కిందనున్న డ్రెయిన్ బోల్టు. పాత నూనె కిందికి వదిలేశాక పై బోల్టు తుప్పుపట్టి రాకపోతే, నూనె లేని గేరు బాక్సుతో బండి అక్కడే ఉండిపోతుంది. కొన్నిటికి ఆరు పలకల తల, కొన్నిటికి అలెన్ కీ గుంట, కొన్నిటికి రాచెట్ నేరుగా పట్టే నలుచదరపు గుంట ఉంటుంది. సరిపడని పానాతో తల గుండ్రం చేసుకోకూడదు.

డ్రెయిన్ బోల్టు తీసి, పావుగంట నుంచి ఇరవై నిమిషాలు చుక్క ఆగేదాకా వదిలేయాలి. కారిన నూనెను కొలత ఉన్న పాత్రలో పట్టి పుస్తకంలోని అంకెతో పోల్చి చూస్తే, ఇన్నాళ్లూ లీకు ఉందో లేదో తెలిసిపోతుంది. బాగా తగ్గితే చక్రాలకు వెళ్లే షాఫ్టుల దగ్గరి ఆయిల్ సీళ్లు చూడాలి.

బోల్టు అయస్కాంతాన్ని తుడిచి, రాగి లేదా అల్యూమినియం వాషర్ ఉంటే కొత్తది వేసి బిగించాలి. గేరు బాక్సు పెట్టె అల్యూమినియంది. బలం చూపిస్తే మరలు ఊడివస్తాయి. పుస్తకం 40 న్యూటన్ మీటర్లు అంటే, 30 సెంటీమీటర్ల పానా చివర పదమూడు, పద్నాలుగు కిలోల బరువుతో సమానమైన బలం చాలు. టార్క్ రెంచ్ ఉంటే అంచనాలతో పని లేదు.

కొత్త నూనెను పై రంధ్రంలోకి పొడవాటి గొట్టం, గరాటుతో బానెట్ వైపు నుంచి పోయొచ్చు, లేదా చేతిపంపుతో ఎక్కించొచ్చు. చాలా గేరు బాక్సుల్లో ఆ రంధ్రం అంచే మట్టం: నూనె అక్కడి నుంచి పొర్లడం మొదలైతే నిండినట్టే. ముందు చక్రాలు మాత్రమే ఎత్తి ఉంటే నూనె వెనక్కి ఒరిగి, ఈ కొలత తప్పుతుంది. అందుకే మట్టం చూసేటప్పుడు నాలుగు మూలలూ ఒకే ఎత్తులో ఉండాలి. తక్కువైతే పైనున్న గేర్లకు, బేరింగులకు తడి అందదు. ఎక్కువైతే చక్రాలు నూనెను చిలికి నురగ చేస్తాయి. నురగలో ఉండేది సగం గాలే కాబట్టి పళ్లను అది కాపాడలేదు, పైగా సీళ్లను తోసుకుని కారుతుంది.

పాత నూనె చెప్పే కబురు

ఫిల్టరూ దీపమూ లేని పెట్టె లోపలి ఆరోగ్యం తెలిపేది కారిన నూనె ఒక్కటే. దాన్ని ఎండలో పెట్టి చూడకుండా పారబోయకూడదు. అయస్కాంతం మీద మెత్తటి బూడిదరంగు ముద్ద సహజం. అది ఏళ్ల అరుగుదల. చేతికి గుచ్చుకునే రేకులు, పంటి ముక్కలు కనిపిస్తే ఇంటి వైద్యం అక్కడితో ఆపి మెకానిక్ దగ్గరికి వెళ్లాలి. ఇత్తడి అయస్కాంతానికి అంటదు, నూనెలోనే బంగారు రంగు మెరుపులుగా తేలుతుంది. కొద్దిగా ఉంటే పర్వాలేదు. నూనె అంతా మెరుస్తుంటే సింక్రో రింగులు అరుగుతున్నట్టు. ఇంతకుముందు ఏ నూనె పోశారో కూడా ఆరా తీయాలి.

నూనె పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరాయని అర్థం. వేడిగా ఉన్న గేరు బాక్సు వరదనీటిలో ఒక్కసారిగా చల్లబడితే లోపలి గాలి కుంచించుకుని, గాలి ఆడేందుకు పెట్టిన బ్రీదర్ గొట్టం గుండా నీటిని పీల్చుకుంటుంది. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో కార్లు నీట నానాయి. అలాంటి బండికి ఇంజన్ ఆయిల్ ఒక్కటి మార్చి ఊరుకుంటే సరిపోదు. నీరు బేరింగులను తుప్పు పట్టిస్తుంది, రసాయనాల బలాన్ని తగ్గిస్తుంది. అప్పుడు కిలోమీటర్ల గడువు చూడకుండా గేరు ఆయిల్‌నూ మార్చాలి.

కొత్త నూనెతో గేర్లు తేలికపడితే ఆ తేడా నూనెదే. మార్చినా థర్డ్ గేరు కర్రుమంటూనే ఉంటే అరిగింది రింగు. అరిగిన ఇత్తడిని ఏ డబ్బా తిరిగి పోత పోయదు.

పాత నూనె సంగతి ఒకటి మిగిలింది. చెదపట్టకుండా వాసాలకు పూయడం, సెంట్రింగ్ చెక్కలకు రాయడం మన దగ్గర మామూలే. వానకు అది నేలలోకి, బావిలోకి దిగుతుంది. 2016 నాటి వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన నూనె ప్రమాదకర వ్యర్థం. దాన్ని తిరిగి సేకరించి శుద్ధి చేయించే బాధ్యతను 2024 ఏప్రిల్ 1 నుంచి నూనె కంపెనీల మీదా పెట్టారు. పాత నూనెను డబ్బాలో పట్టి, పీపాలో పోగుచేసి రీసైక్లింగ్‌కు పంపే సర్వీసు సెంటరుకు ఇవ్వాలి. తెగిన పాలిమర్లు, మురికి తీసేస్తే మిగిలే మూలనూనె మళ్లీ పనికొస్తుంది.

ఎలక్ట్రిక్ కార్లతో ఈ పని తప్పుతుందా? క్లచ్, సింక్రో రింగులు పోతాయి. మోటారు నిమిషానికి పదివేల చుట్లకు పైగా తిరగగలదు, చక్రాలకు అంత వేగం అక్కర్లేదు. కాబట్టి వేగం తగ్గించే గేర్లు అక్కడా ఉంటాయి, వాటికి నూనే కావాలి. కొన్ని కార్లలో ఆ నూనే మోటారులోని రాగి చుట్లను తాకుతూ చల్లబరుస్తుంది. అంటే పళ్లను కాపాడే గంధకం రాగి జోలికి పోకూడదన్న షరతు కొత్త రూపంలో కొనసాగుతోంది. బండి ఏదైనా, డబ్బా కొనేముందు యజమాని పుస్తకంలో నూనెల పట్టిక ఉన్న పేజీ తీయక తప్పదు.